నునుపు పట్టడానికి చెక్క చిత్రిక కొనేటప్పుడు ఏం చూడాలి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. పైన్ నుంచి టేకు దాకా అన్ని చెక్కలతో చిన్న బల్లలు, పెట్టెలు చేస్తున్నారు. పొడుగు చిత్రికతో పలకను చదును చేయడం వచ్చేసింది. చివర్లో ఇసుక కాగితంతో గంటలకొద్దీ రుద్దకుండా చిత్రికతోనే నునుపు తేవాలని ఉంది, అది చెక్క చిత్రికే అయితే బాగుండునని ఉంది. పాత ఇంగ్లిష్ రకమా, ముందు కొమ్ము ఉండే జర్మన్ రకమా, లాగి పట్టే జపాన్ రకమా? బ్లేడు వాలు 45 డిగ్రీలు చాలా, 60 కావాలా? నోరు, అంటే అడుగున బ్లేడు అంచు బయటికి వచ్చే సందు, వెంట్రుకంత సన్నగా లేకపోతే పనికిరాదంటున్నారు, నిజమేనా?

ముందు సూటిగా జవాబు చెప్తాను. మొదటి నునుపు చిత్రికగా 45 నుంచి 50 డిగ్రీల వాలు, జోడు బ్లేడు (కోసే బ్లేడు మీద ఇంకో ఇనుము బిగించినది), 48 నుంచి 54 మి.మీ. బ్లేడు వెడల్పు, 20 సెం.మీ. అటూఇటూ పొడవు ఉన్నదాన్ని తీసుకోండి. ఇంగ్లిష్‌దైనా జర్మన్‌దైనా పర్వాలేదు. కానీ ఈ కొలతలన్నీ కుదిరినా ఒకటి కుదరకపోతే ఆ చిత్రిక మిమ్మల్ని ఏడిపిస్తుంది. బ్లేడు దిమ్మలో, అంటే చిత్రిక చెక్క ఒంట్లో, కదలకుండా, అడుగు దాకా ఆనుకుని కూర్చోవాలి. నేను చిత్రిక చేతిలోకి తీసుకుంటే మొదట చూసేది అదే. ఆకారం, చెక్క రంగు, తయారీ ముద్ర ఆ తర్వాతే.

ఎందుకో చెప్తాను. నునుపు పట్టేటప్పుడు లేచే పొర మందం 0.02 నుంచి 0.05 మి.మీ. ఉంటుంది. మామూలు రాత కాగితం 0.1 మి.మీ. ఉంటుంది కాబట్టి, మనం తీసేది అందులో సగం లేదా అంతకంటే తక్కువ. బ్లేడు అంచు ఆ మాత్రం వెనక్కి వంగినా, అదిరినా పలక మీద సన్నటి అలలు పడతాయి. వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. అలా అయినప్పుడు చాలామంది పదును సరిపోలేదనుకుని మళ్లీ సాన రాయి దగ్గరికి వెళ్తారు. తప్పు చాలాసార్లు బ్లేడు ఆనుకునే చోట ఉంటుంది.

బ్లేడు వెన్ను ఆనుకునే ఏటవాలు భాగాన్ని పడక అందాం. బ్లేడును ముందునుంచి నొక్కి పట్టే చెక్క ముక్క బిగింపు చెక్క. ఆ చెక్క రెండు కాళ్లూ దూరి ఒరుసుకునే గాడులు దిమ్మ చెంపల్లో ఉంటాయి. పడక, బిగింపు చెక్క, గాడులు, ఈ మూడూ సరిగ్గా కలిస్తేనే బ్లేడు కదలకుండా ఉంటుంది. పాత చిత్రికను చూడటానికి వెళ్లినప్పుడు ఒక చిన్న టార్చి, ఒక పెన్సిలు, ఒక కాగితం ముక్క జేబులో పెట్టుకోండి.

బ్లేడు తీసి, దాని వెన్నంతా పెన్సిలు గీకి నల్లగా చేయండి. మళ్లీ దిమ్మలో పెట్టి, బిగింపు చెక్క బిగించి, ఒకసారి తీసి పడక చూడండి. నలుపు ఎక్కడ అంటిందో అక్కడే బ్లేడు ఆనుతోంది. నోటికి దగ్గరగా, అంటే పడక కింది అంచున, రెండు పక్కలా మరక కనిపించాలి. ఎక్కడో మధ్యలో ఒక్క చుక్క మాత్రమే ఉంటే పడక ఉబ్బిందన్నమాట. ఏళ్ల తరబడి తేమ తాగి, ఎండి ఉన్న దిమ్మల్లో ఇది మామూలే. పదునైన ఉలితోనో, చదునైన ఆకురాయితోనో ఆ ఉబ్బు కొంచెం కొంచెం దించుకోవచ్చు. చేతకాని పనేం కాదు, తొందరపడకూడదంతే. మరక నోటి దగ్గర అసలే లేకుండా పైన మాత్రమే ఉంటే ఆలోచించండి. కిందిదాకా సరిచేయాలంటే చాలా చెక్క తీయాలి, తీసినంత మేర నోరు పెద్దదవుతుంది.

తర్వాత బిగింపు చెక్క కాళ్లు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నేను ఒక చిత్రికను దాదాపు పక్కన పడేయబోయింది ఈ చిన్న విషయం తెలియకే. ఆ చిత్రిక పడక బాగుంది, బ్లేడు మందమైనది, పదును అద్దంలా పెట్టాను. మొదటి నాలుగు తోపులు హాయిగా పొర లేచేది. అయిదో తోపుకి నోట్లో పొట్టు ఇరుక్కునేది. తీస్తే మడతలు మడతలుగా నొక్కుకుపోయి, విసనకర్రలా వచ్చేది. ప్రతిసారీ ఎడమ మూలే. నోరు ఇరుకైందనుకుని ఆకురాయి అందుకున్నాను. అదృష్టం కొద్దీ ముందు టార్చి వేసి చూశాను. బిగింపు చెక్క ఎడమ కాలు గాడి అంచుకంటే గోరు మందం లోపలికి ఉబ్బి ఉంది, కొస మొద్దుగా మెట్టులా ఆగిపోయింది. లేచిన పొర నేరుగా ఆ మెట్టుకు తగిలి ఆగుతోంది. ఆకురాయి పక్కన పెట్టి, ఆ కాలు కొసను ఉలితో కలం మూతిలా పల్చగా చెక్కి, గాడితో సమంగా చేశాను. పావుగంట పని. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా అది ఇరుక్కోలేదు. ఆ రోజు నోరు పెంచి ఉంటే దిమ్మా పాడయ్యేది, జబ్బూ అలాగే ఉండేది.

కాబట్టి కాగితం ముక్కను బిగింపు చెక్క కాలికీ బ్లేడుకీ మధ్య, తర్వాత కాలికీ గాడికీ మధ్య దూర్చి చూడండి. కింది కొస దగ్గర సులభంగా దూరితే అక్కడ బిగువు లేదు. పైన మాత్రమే గట్టిగా పట్టి కింద వదులుగా ఉండే బిగింపు వల్లే అదురు వస్తుంది. కింద గట్టిగా, పైన ఒక వెంట్రుక వదులుగా ఉంటే మేలు. బిగింపు చెక్క పోయినా, విరిగినా భయపడక్కర్లేదు, కొత్తది చేసుకోవచ్చు. గాడులే విరిగి ఉంటే మాత్రం ఆ చిత్రిక వదిలేయండి.

పగుళ్ల సంగతి. దిమ్మ ముందు కొసలో, వెనక కొసలో కనిపించే సన్నటి ఎండు పగుళ్లు పనికి అడ్డం రావు. చెంపల్లో, అంటే బ్లేడుకి రెండు పక్కలా, పగులు ఉంటే వద్దు. అక్కడే బిగింపు ఒత్తిడి అంతా పడుతుంది. ఈ చెంప పగులు ఎలా వస్తుందో తెలిస్తే మీ చిత్రికకు రాకుండా చూసుకోవచ్చు. చెక్క ఎండే కొద్దీ అడ్డంగా కుంచించుకుంటుంది, ఇనుము అలా చేయదు. బ్లేడు రెండు పక్కలా ఖాళీ లేకుండా బిగుతుగా ఉంటే, పొడి గాలి తగలగానే చెంపలు లోపలికి రావాలని చూస్తాయి, బ్లేడు అడ్డుపడుతుంది, చెంప చీలుతుంది. నేను ఒకసారి ఒక మంచి దిమ్మలో కొంచెం వెడల్పు బ్లేడును ఇరికించి, వాడిన తర్వాత అలాగే అరలో పెట్టాను. కొన్ని నెలల తర్వాత తీస్తే కుడి చెంప పైనుంచి గాడి దాకా చీలి ఉంది. ఇప్పుడు ఏ దిమ్మలోనైనా బ్లేడుకి అటూఇటూ కలిపి మి.మీ.న్నర నుంచి 2 మి.మీ. ఖాళీ ఉందో లేదో చూస్తాను. లేకపోతే బ్లేడు పక్కలు అరగదీస్తాను.

ఇక బ్లేడు. పాత చెక్క చిత్రికల బ్లేడ్లు చూస్తే ముచ్చటేస్తుంది. అంచు దగ్గర 4 నుంచి 5 మి.మీ. మందం ఉండి, పైకి పోయే కొద్దీ పల్చబడతాయి. ఇనుప చిత్రికల్లో వచ్చే మామూలు బ్లేడు 2 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. ఈ మందం వల్లే పాత చెక్క చిత్రిక నిశ్శబ్దంగా, స్థిరంగా కోస్తుంది. పాతవాటిలో చాలా బ్లేడ్లు మెత్తని ఇనుము మీద పల్చటి గట్టి ఉక్కు పొర కలిపి కొట్టినవి. ఏటవాలు అంచును రుద్దితే రెండు రంగులుగా విడిపోయి కనిపిస్తుంది. ఉక్కు పొర ఇంకా ఎంత పొడవు మిగిలిందో చూసుకోండి. అరిగి అరిగి ఉక్కు అయిపోయి మెత్తని ఇనుమే మిగిలిన బ్లేడుకి పదును నిలవదు.

తుప్పు ఎక్కడ ఉందన్నది ముఖ్యం. ఏటవాలు వైపు తుప్పు ఎంతున్నా రుద్దితే పోతుంది. చదునుగా ఉండే రెండో వైపు, అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపల గుంటలు పడి ఉంటే ఇబ్బంది. పదును అంటే ఆ రెండు ముఖాలు కలిసే గీతే కదా. ఒక ముఖం మీద గుంట ఉంటే అంచులో పన్ను విరిగినట్టు ఖాళీ వస్తుంది, పలక మీద ప్రతి తోపుకీ గీత పడుతుంది. గుంటలు పైపైన ఉంటే రుద్ది తీసేయొచ్చు. గోరు పెడితే తగిలేంత లోతుంటే కొత్త బ్లేడు దొరికే వీలుందో లేదో చూసుకుని మరీ దిగండి.

జోడు బ్లేడు ఎందుకంటానంటే, ఎదురు నారకు ఇంతకంటే మంచి మందు లేదు. కోసే బ్లేడు మీద బిగించే రెండో ఇనుమును క్యాప్ ఐరన్ అంటారు. 18వ శతాబ్దం రెండో సగంలో ఇంగ్లిష్ చిత్రికల్లో ఇది బాగా పాకింది, అది ఊరికే పాకలేదు. నార మన తోపుకి ఎదురుగా లేచి ఉన్న చోట బ్లేడు కోయకముందే పొర ముందుకు చీలిపోతుంది, ఆ చీలిక పలక లోపలికి దిగి పెళ్ల లేస్తుంది. క్యాప్ ఐరన్ అంచు బాగా దగ్గరగా ఉంటే, లేచిన పొరను వెంటనే వెనక్కి నొక్కి విరుస్తుంది. చీలిక ముందుకు పారదు. జపాన్‌లోని యమగాటా విశ్వవిద్యాలయంలో కాటో, కవాయి అనే ఆచార్యులు అంచు దగ్గర జరిగేదంతా బాగా పెద్దగా చేసి వీడియో తీశారు. క్యాప్ ఐరన్‌ను అంచుకు 0.1 నుంచి 0.3 మి.మీ. దూరంలోకి తెచ్చినప్పుడు పెళ్ల లేవడం ఎలా ఆగిపోతుందో అందులో కళ్లారా కనిపిస్తుంది. ఆ వీడియో అందరికీ అందాక, చేతిపని చేసేవాళ్లలో చాలామంది నోరు సన్నం చేసే తాపత్రయం వదిలేశారు. నేనూ వాళ్లలో ఒకణ్ని.

ఆచరణలో ఇలా పెట్టుకోండి. క్యాప్ ఐరన్ ముందు అంచును రాయి మీద కొంచెం నిటారుగా, 50 డిగ్రీలకు పైన ఉండేలా రుద్దండి. అది బ్లేడు మీద ఆనే గీతలో ఎక్కడా వెలుతురు దూరకూడదు. దూరితే పొట్టు అక్కడే దూరుతుంది. తర్వాత స్క్రూ సగం బిగించి, బొటనవేలితో అంచు వైపు జరుపుతూ పోండి. బ్లేడు అంచున మెరుపు దారప్పోగంత మిగిలే వరకు జరిపి పూర్తిగా బిగించండి. సరిగ్గా కుదిరిందని ఎలా తెలుస్తుంది? పొర ఉంగరాలుగా చుట్టుకోకుండా నోట్లోంచి నిటారుగా పైకి లేస్తుంది. అదే గుర్తు. తోయడం మరీ బరువైపోయి పొర ముడతలు పడి వస్తుంటే మరీ దగ్గర పెట్టారన్నమాట, ఒక పిసరు వెనక్కి జరపండి.

ఇప్పుడు వాలు లెక్క. ఇంగ్లిష్ సంప్రదాయంలో 45 డిగ్రీలు మామూలు వాలు, 50ని యార్క్ వాలు అంటారు, 55, 60 డిగ్రీలవి గట్టి చెక్కలకీ అంచు పనులకీ వాడేవారు. జర్మన్ నునుపు చిత్రికలు సాధారణంగా 50 దగ్గర ఉంటాయి. వాలు పెరిగే కొద్దీ పెళ్ల లేవడం తగ్గుతుంది, నిజమే. కానీ తోయడానికి బలం ఎక్కువ కావాలి, అంచు తొందరగా మొద్దుబారుతుంది, మెత్తని చెక్క మీద మెరుపు రాకుండా కొంచెం నూగుగా వస్తుంది. 60 డిగ్రీల ఒంటి బ్లేడు చిత్రిక మెలికల నార ఉన్న గట్టి చెక్కకు చాలా బాగుంటుంది, ఆస్ట్రేలియాలో అక్కడి రాతిలాంటి చెక్కల కోసం అలాంటివి చేసేవాళ్లున్నారు. కానీ మీరు పైన్ నుంచి టేకు దాకా అన్నీ పడతానంటున్నారు. అన్నిటికీ ఒకటే చిత్రిక అయితే 45 లేదా 50, జోడు బ్లేడుతో. చిక్కు చెక్క వస్తే క్యాప్ ఐరన్ దగ్గరికి జరపండి, సులువైన చెక్క వస్తే వెనక్కి జరపండి. ఒక స్క్రూతో మారే సౌకర్యం అది, వాలును అలా మార్చలేం కదా.

టేకు అన్నారు కాబట్టి ఒక మాట. టేకులో సిలికా ఉంటుంది, పదును తొందరగా తినేస్తుంది. నార సాఫీగానే ఉన్నా మధ్యలో పెళ్ల లేవడం మొదలైతే చిత్రికను అనుమానించే ముందు బ్లేడు తీసి అంచును వెలుతురులో చూడండి. అంచు మీద తెల్లటి గీత మెరిస్తే పదును పోయింది. పదునైన అంచు వెలుతురును తిప్పికొట్టదు, కనిపించదు.

నోరు గురించి అడిగారు. జోడు బ్లేడు ఉండి, క్యాప్ ఐరన్ సరిగ్గా పెడితే నోరు ఒక మి.మీ. ఉన్నా పని జరుగుతుంది. పైగా క్యాప్ ఐరన్ దగ్గరగా ఉన్నప్పుడు నోరు మరీ ఇరుకైతే పొట్టుకి దారి ఉండదు. ఒంటి బ్లేడు చిత్రికైతే మాత్రం నోరే కాపాడాలి, అప్పుడు 0.3 మి.మీ. దరిదాపుల్లో ఉండాలి. పాత చిత్రికల్లో నోరు పెద్దదై ఉండటం సహజం. అడుగును ఎన్నిసార్లు చదును చేస్తే అన్నిసార్లు అది తెరుచుకుంటుంది. 45 డిగ్రీల వాలులో అడుగు ఒక మి.మీ. తీస్తే నోరు కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. బ్లేడు పైకి పల్చబడుతుందని చెప్పాను కదా, అరిగే కొద్దీ పల్చటి భాగం నోటి దాకా దిగుతుంది, దానివల్ల కూడా ఖాళీ వస్తుంది. మరీ పెద్దదైతే నోటి ముందు అడుగులో గట్టి చెక్క ముక్క ఒకటి పొదగొచ్చు. బాగా పొదిగిన అతుకు ఉన్న పాత చిత్రిక కనిపిస్తే చిన్నచూపు చూడకండి. దాన్ని ఎవరో ఇష్టంగా, చాలా కాలం వాడారని అర్థం.

ఇక రకాలు. ఇంగ్లిష్ నునుపు చిత్రిక మధ్యలో లావుగా, రెండు కొసల్లో సన్నగా ఉంటుంది. ఎక్కువగా బీచ్ చెక్కతో చేసినవే. అరచేతిలో ఒదుగుతుంది, ఎటు తిప్పినా పట్టు దొరుకుతుంది. జర్మన్ దాని ముందు భాగంలో ఎడమ చేతికి కొమ్ములాంటి పిడి ఉంటుంది, అడుగున హార్న్‌బీమ్ లేదా లిగ్నమ్ వీటే లాంటి చాలా గట్టి చెక్కను అతికిస్తారు. అలా అతికించిన అడుగు తొందరగా అరగదు, నోరు అంత తొందరగా పెరగదు. కొత్తది కొనాలనుకుంటే ఈ జర్మన్ రకమే నా మొదటి ఎంపిక. ప్రిమస్ పేరుతో వచ్చేవాటిలో బ్లేడు లోతును స్క్రూతో మార్చుకోవచ్చు, సుత్తితో తట్టడం అంటే బెరుకుగా ఉన్నవాళ్లకి అది మంచి ఏర్పాటు. అయినా తట్టడం వారం రోజుల్లో వచ్చేస్తుంది.

జపాన్ చిత్రిక (దాని పేరు ‘కన్నా’) విషయంలో నా సలహా ఇది: తప్పకుండా నేర్చుకోండి, కానీ ఇది మొదటిది కాకూడదు. సాధారణంగా ఓక్ దిమ్మ, 40 డిగ్రీలకు కాస్త అటూఇటూ వాలు, మందమైన రెండు పొరల బ్లేడు. మెత్తని చెక్క మీద అది తెచ్చే మెరుపు ఇంకే చిత్రికకూ రాదు. కానీ అందులో వేరే బిగింపు చెక్క ఉండదు, బ్లేడే దిమ్మ గాడుల్లో మేకులా బిగుస్తుంది. అందుకే ప్రతి బ్లేడుకీ దాని దిమ్మను మనమే సరిచేసుకోవాలి. అడుగు కూడా పూర్తి చదునుగా ఉండదు, రెండు మూడు చోట్ల మాత్రమే పలకకు ఆనేలా మిగతాదంతా లోతు చేస్తారు, వాతావరణం మారినప్పుడల్లా మళ్లీ సరిచూసుకోవాలి. దానికి అలవాటు పడిన చేతికి అదో ఆనందం. పదును, క్యాప్ ఐరన్, పడక ఇంకా అలవాటు కాని చేతికి ఒకేసారి ఇన్ని తెలియనివి మీదపడితే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం కష్టం.

చెక్క అడుగు, పైన ఇనుప చట్రం కలిపిన చిత్రికలు కూడా పాత సామాన్లలో కనిపిస్తాయి. చిత్రికల రూపకర్త లెనార్డ్ బెయిలీ పేటెంట్లను పనిముట్ల కంపెనీ స్టాన్లీ 1869లో తీసుకున్నాక అలాంటివి విరివిగా వచ్చాయి. చదును చేయడానికి పర్వాలేదు. నునుపుకి నేను సిఫారసు చేయను, బ్లేడు పల్చన, సగం చెక్క మీద సగం ఇనుము మీద ఆనుతుంది, ఆ రెండూ వాతావరణంతో ఒకేలా కదలవు.

మంచిది దొరక్కపోతే చేసుకోవడం కూడా ఉంది. ఫర్నిచర్ తయారీదారు జేమ్స్ క్రెనోవ్ (1920–2009) జనంలోకి తెచ్చిన పద్ధతి తేలిక. బాగా ఆరిన గట్టి చెక్క దిమ్మ తీసుకుని, రెండు పక్కలా చెంపల్ని పలకలుగా కోసి తీసేస్తారు. మధ్య ముక్కలో 45 డిగ్రీల పడక, దాని ఎదురు వాలు కోసి, క్యాప్ ఐరన్ స్క్రూ పట్టేలా పడకలో గాడి తీసి, చెంపల్ని మళ్లీ జిగురుతో అతికిస్తారు. బిగింపు చెక్కకు గాడులు చెక్కే పని లేదు, రెండు చెంపల మధ్య అడ్డంగా ఒక చెక్క కడ్డీ ఉంటుంది, దాని కింద బిగింపు చెక్క దూరుతుంది. పడకను విడిగా ఉన్నప్పుడే చదును చేయొచ్చు కాబట్టి, నేను ఇందాకటి నుంచి చెప్తున్న ఆనుడు మొదటిరోజే చక్కగా కుదురుతుంది. మందమైన మంచి బ్లేడు ఒకటి కొని, రెండు సెలవు రోజులు పెట్టగలిగితే ఈ దారి నాకు చాలా ఇష్టం. నోరు మొదట మూసుకుపోయేలా పెట్టి, అడుగు చదును చేస్తూ కొద్దికొద్దిగా తెరవండి.

పాతదాని దిమ్మను చూసేటప్పుడు కొస ముఖం మీద వయసు వలయాలు గమనించండి. మంచి తయారీదారులు బెరడు వైపు అడుగుకు వచ్చేలా, వలయాలు వీలైనంత సమంగా అడ్డంగా ఉండేలా కోసేవారు. అలాంటి దిమ్మ మెలి తిరగదు. మెలి ఉందేమో చూడటానికి రెండు తిన్నటి బద్దలను అడుగు మీద ముందొకటి, వెనకొకటి అడ్డంగా పెట్టి, కన్ను కిందికి దించి వాటి పై అంచులు కలుస్తున్నాయో లేదో చూడండి. కొద్దిపాటి మెలి అయితే సరిచేసుకోవచ్చు. పురుగు రంధ్రాలు రెండో మూడో ఉండి పొడి రాలకపోతే ఫర్వాలేదు. తాజాగా పొడి రాలుతుంటే ఆ దిమ్మను ఇంట్లోకి తేవద్దు.

ఇంత పాత పనిముట్టు ఇప్పటికీ ఎలా పనికొస్తుందని అనుమానం వద్దు. 1545లో మునిగిపోయిన మేరీ రోజ్ అనే ఇంగ్లిష్ యుద్ధనౌకలో వడ్రంగుల చెక్క చిత్రికలు దొరికాయి. దిమ్మ, బ్లేడు, బిగింపు చెక్క, ఈ అమరిక అప్పటిదే. బరువు కూడా దాదాపు కిలో లోపే, ఇదే సైజు ఇనుప చిత్రిక అంతకు ఒకటిన్నర రెట్లు పైనే ఉంటుంది. చెక్క మీద చెక్క జారుడు వేరు, పెద్ద బల్ల పైభాగం పట్టేటప్పుడు గంట గడిచాక భుజానికి ఆ తేడా తెలుస్తుంది.

ఇంటికి తెచ్చాక అడుగును చదును చేసేటప్పుడు బ్లేడు, బిగింపు చెక్క మామూలుగా బిగించే ఉంచండి. బ్లేడు అంచును మాత్రం 2, 3 మి.మీ. లోపలికి లాగండి. బిగువు వల్ల దిమ్మ కొద్దిగా వంగుతుంది, ఆ స్థితిలోనే అది చదునుగా ఉండాలి. గాజు పలక మీద ఇసుక కాగితం పరిచి, అడుగున పెన్సిలు గీతలు గీసి, గీతలు నోటి ముందు, నోటి వెనక, రెండు కొసల్లో చెరిగిపోయే వరకు రుద్దండి. అంతటితో ఆపండి. దిమ్మ బయట అవిసె నూనె పట్టించొచ్చు, పడక మీద, గాడుల్లో వద్దు, జారుతుంది. నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి పడేయకండి, అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డ తనంతట తనే అంటుకుంటుంది. విప్పి ఆరవేయండి. అడుగుకు కొవ్వొత్తి మైనం రెండు గీతలు గీస్తే సరిపోతుంది.

బ్లేడుకి పదును 30 డిగ్రీల దగ్గర పెట్టండి, అంచు మధ్యలో వెంట్రుకవాసి ముందుకు, మూలలు వెనక్కి ఉండేలా. లేదంటే మూలలు పలక మీద గీతలు వేస్తాయి. దిమ్మను చదునైన చెక్క మీద పెట్టి, బ్లేడు అంచు ఆ చెక్కను తాకేలా వదిలి, బిగింపు చెక్కను బొటనవేలితో నొక్కి, చిన్న సుత్తితో ఒక్క తట్టు తట్టండి. బ్లేడు దిగాలంటే దాని పై కొసను తట్టాలి. పైకి రావాలంటే దిమ్మ వెనక కొసను తట్టాలి. ప్రతిసారీ చివర్లో బిగింపు చెక్కను ఒకసారి తట్టి బిగువు సరిచూడండి. ఎక్కువ కొట్టకండి, వేలితో బ్లేడును కదిపితే కదలకపోవడమే కొలత.

సమంగా దిగిందో లేదో కంటితో తేల్చడం కష్టం. వేలెడు వెడల్పున్న సన్నటి చెక్క బద్దను తీసుకుని నోటి ఎడమ మూల మీద ఒకసారి, కుడి మూల మీద ఒకసారి లాగండి. రెండు పొరల మందాన్నీ వేళ్ల మధ్య నలిపి చూడండి. మందంగా వచ్చిన వైపు నుంచి బ్లేడు పై భాగాన్ని అవతలి పక్కకు మెల్లగా తట్టండి, ఆ వైపు అంచు లోపలికి పోతుంది. రెండు మూలల్లోనూ దాదాపు ఏమీ రాకుండా, మధ్యలో మాత్రం ఉల్లిపొరలాంటిది లేచిందంటే పలక మీద పెట్టొచ్చు.

మొదటి వారం సులువైన చెక్క మీదే పట్టండి, నార వాలును పలక పక్క ముఖం మీద చూసుకుని దాని వెంటే తోయండి. టేకు పలక ఆ తర్వాత తీయండి. రోజు పని ముగిశాక దిమ్మ వెనక కొసను ఒక తట్టు తట్టి బిగింపు వదులు చేసి, బ్లేడు లోపలికి లాగి, చిత్రికను పక్కకు పడుకోబెట్టండి. మీరు చూస్తున్న పాత చిత్రిక పడక మీద పెన్సిలు మరక ఎక్కడ అంటిందో, చెంపలు, గాడులు ఎలా ఉన్నాయో చెప్తే, తీసుకోవచ్చో లేదో అప్పుడు ఖచ్చితంగా చెప్పగలను.